జానెడుకి తక్కువ, బెత్తెడుకి ఎక్కువ

పోయిన నెలలో ఎచ్చెర్ల దగ్గర ఒక టీ కొట్టు ముందు బస్సు కోసం నిలబడ్డాను. నేలకి అతుక్కుపోయినట్టున్న ఎర్ర కారొకటి జోరుగా వచ్చి, స్పీడ్ బ్రేకర్ ముందు కాస్త తగ్గి, ఎక్కి దిగింది. దిగేటప్పుడు ముందు భాగం కింద గర్రుమని గీరుకుంది. నడిపే మనిషి వెనక్కి చూడలేదు. పాట పెద్దగా పెట్టుకుని శ్రీకాకుళం వైపు వెళ్ళిపోయాడు. అతను వెళ్ళిన దారిన తారు మీద సన్నటి తడి గీత ఒకటి మిగిలింది.

నేను వెళ్ళి ఆ గీత దగ్గర వంగాను. వేలితో ముట్టి వాసన చూశాను. ఇంజన్ నూనె. ఇంకా వేడిగానే ఉంది.

“ఏటి తాతా, ఏదైనా పడిపోనాదేటి?” అని టీ కొట్టతను అడిగాడు.

“నాది కాదులే,” అన్నాను. కానీ మనసు ఒక చోట నిలవలేదు. బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుని, ఆ గీత ఎంతదూరం వస్తుందో అని తల బయట పెట్టి చూస్తూనే ఉన్నాను. గీతే ఆగిందో, నా చూపే ఆనలేదో, కాసేపటికి కనపడలేదు. ఆ మనిషే ఉంటే బస్సు ఆపించి దిగిపోయి ఉండేవాడు. ఆ కారు వెనకాల పరిగెత్తినా పరిగెత్తేవాడు.

అతని పేరు రాయను. రాద్దామన్నా, పేరుపెట్టి నేనెప్పుడూ పిలవలేదు. విజయనగరంలో కార్లు బాగుచేసేవాడు, అందరూ మేస్త్రీ అనేవారు, నేనూ అదే అన్నాను. పని రంగూన్లో నేర్చుకున్నాడని ఒకరు, కాదు ఖరగ్‌పూర్లో అని ఒకరు చెప్పేవారు. అడగాలని నాకు తోచలేదు. అడిగినా నిలబడి జవాబు చెప్పే రకం కాదు.

అరవైల చివర అది. నాకు ఇరవయ్యారేళ్ళు. రోడ్ల పనిలో సూపర్వైజరుగా కొత్తగా చేరాను. విజయనగరం నించి నెల్లిమర్ల మీదుగా రామతీర్థం దాటి పెద్దరోడ్డు దాకా ఉన్న దారిలో కొంతభాగం నా చేతి కింద ఉండేది. ఒకరోజు పొద్దున్నే సైకిలు మీద వెళ్తూంటే, రామతీర్థానికి ఇవతల రోడ్డు మధ్య ఒక మనిషి బోర్లా పడుకుని కనిపించాడు. అతని వెనక ఒక కారు ఆగి ఉంది. గుద్దేసిందనుకున్నాను. సైకిలు పారేసి పరిగెత్తాను.

అతను లేవకుండానే చెయ్యి ఒకటి పైకెత్తాడు. “ఆగండాగండి. అడ్డం రాకండి. ఈ ఎలుగు పోతే మళ్ళీ రేపొద్దున్న దాకా కనపడదు.”

చెంప రోడ్డుకి ఆనించి, ఒక కన్ను మూసుకుని, ఏటవాలు ఎండలో రోడ్డు పైభాగాన్ని చూస్తున్నాడు. ఎత్తు ఎక్కడుందో, పల్లం ఎక్కడుందో, ఏ రాయి ఎంత తలెత్తి ఉందో. చూడడం అయ్యాక లేచాడు. యాభై ఏళ్ళుంటాయి. ఎండుకట్టెలా ఉన్నాడు. చెంప మీద కంకర నూక అంటుకుని ఉంది, దాన్ని దులుపుకోలేదు.

“ఈ రోడ్డు ఎవల్ది?” అన్నాడు.

“ప్రభుత్వానిది.”

“ఆ సంగతి కాదు. దీనికి తిట్లు తినీ మనిషి ఎవలు?”

“నేనే,” అన్నాను.

“అలగైతే మీతో పనున్నాది. ఇలా రండి.”

నా చెయ్యి పట్టుకుని, అవును, ముక్కూ మొహం తెలియని ఉద్యోగి చెయ్యి పట్టుకుని, కారు ముందుకి లాక్కెళ్ళాడు. నేనలాటి కారు అంతకుముందు చూడలేదు. ఇద్దరే కూర్చోడానికి సీట్లు, పైన గుడ్డ టాపు, పొడుగాటి ముక్కు. ఆ టాపు ఎత్తు నా రొమ్ముకి రాదు. విశాఖపట్నం పోర్టులో పనిచేసి వెళ్ళిపోతూ ఒక దొర అమ్మితే, విజయనగరం మాంగనీసు షావుకారి గారి అబ్బాయి, చిన్న షావుకారు, కొని ఈ మేస్త్రీ చేతికి అప్పగించాడట. ఊళ్ళో దాన్ని తాబేలు కారు అనేవారు, నేల మీద పాకినట్టు పోతుందని. పరుగు మాత్రం తాబేలుది కాదు.

“వొంగండి. ఇంకా. కిందకి సూడండి.”

వంగి చూశాను. బంపరు కింద, గాలికి ఎదురుగా, పలకంత వెడల్పున్న ఒక డబ్బా వేలాడుతోంది. రేకు మడతలు పేర్చినట్టుంది. దానికి అటూ ఇటూ రబ్బరు గొట్టాలు.

“ఇదేటో తెల్సా? ఆయిల్ కూలరు. ఇంజన్లో తిరిగిన నూనె కాగిపోతాది గదా, దాన్ని ఈ డబ్బాలోకి తెచ్చి, గాలికి సల్లారబెట్టి, మళ్ళీ లోపలికి తోల్తాది. మంచి యవ్వారమే. కానీ ఎక్కడ పెట్టేడు సూసేరా? కడుపులో ఉండాల్సిన పేగుని మెళ్ళో దండలాగ ఏసుకుని తిరుగుతాడేటి ఎవడైనా?”

అని రోడ్డుకీ డబ్బాకీ మధ్య చెయ్యి పెట్టాడు. బొటనవేలు చాపి చిటికెనవేలు చాపితే పట్టలేదు. నాలుగు వేళ్ళూ దగ్గరికి చేర్చి అడ్డంగా పెట్టాడు. ఇంకాస్త సందు మిగిలింది.

“జానెడుకి తక్కువ, బెత్తెడుకి ఎక్కువ. ఇంతే బాబూ దీని బతుకు. మీ రోడ్డు మీద రాళ్ళేమో...” అని లేచి, రోడ్డు పక్క నించి ఒక రాయి తీసి, దానికీ అదే బెత్త పెట్టి కొలిచి నాకు చూపించాడు. రాయే పెద్దది. ఆ రాయిని నా చేతిలో పెట్టి కారెక్కి వెళ్ళిపోయాడు.

అలా మొదలైంది. ఆ తరవాత వారానికి ఒకసారైనా నా దగ్గరికి వచ్చేవాడు. చిన్న షావుకారు ఆదివారాలు కారు తీసి శ్రీకూర్మమో, కళింగపట్నం ఒడ్డుకో, భీమిలికో స్నేహితుడితో వెళ్ళేవాడు. శుక్రవారమో శనివారమో మేస్త్రీ దాన్ని రామతీర్థం దాకా నడిపి చూసుకోవాలి. అంతవరకే అనుమతి. దారిలో నేనెక్కడ పనిలో ఉన్నా ఆపి, దిగకుండానే అడిగేవాడు. “ఈ వారం మెటల్ ఎక్కడ పోస్తన్నారు? కుడి పక్కా, ఎడం పక్కా? రోలరు తొక్కించీసేరా, వొట్టినే పరిసీసేరా?”

మెటల్ అంటే కంకర రాయి. రోడ్ల పని తెలిసినవాళ్ళు అలాగే అంటారు. నేను చెప్పిందంతా మనసులో పెట్టుకునేవాడు. చదువు రాదు. రోడ్డు మొత్తం నోటికి వచ్చేది. రెండో కల్వర్టు దాటాక ఎడంపక్క గుంట, చింతచెట్టు దగ్గర ఎడ్లబళ్ళ గాడి, మిల్లు మలుపులో తలెత్తిన మూడు రాళ్ళు. ఆదివారం పొద్దున్న చిన్న షావుకారు బయల్దేరబోతూంటే ఇదంతా ఆయనకి పాఠంలా ఒప్పచెప్పేవాడట. ఆయన నవ్వుతూ గేరు వేసేవాడట.

ఒకచోట కుదురుగా ఉండగా నేనతన్ని చూడలేదు. టీ గ్లాసు చేత్తో పట్టుకుని నడుస్తూ తాగేవాడు. నాలుగడుగులు అటు, నాలుగడుగులు ఇటు. మాట మధ్యలో ఆపేసి, దూరంగా పోయే లారీ వైపు చెవి పెట్టి, “దానికి ఒక సిలిండరు సరిగ్గా మండతా లేదు,” అనేవాడు. మళ్ళీ పాత మాటకి వచ్చేవాడు కాదు. నోట్లో వక్క ఎప్పుడూ ఉండేది, బీడీ మాత్రం ముట్టేవాడు కాదు. “పెట్రోలు పక్కన పొగ తాగినోడు పెళ్ళాం పక్కన పాముని పెట్టుకున్నోడు,” అనేవాడు. నిద్రలో కూడా చేతులు ఏదో బోల్టు తిప్పుతున్నట్టు కదిలేవని అతని భార్య చెప్పిందని, ఎవరో నాతో అన్నారు. నమ్మాను.

అతన్ని తిననివ్వని దిగులల్లా ఆ డబ్బాయే. దాన్ని విప్పి పైకి, జాలీ వెనక, రేడియేటర్ పక్కన పెట్టేస్తే రాయి తగలదు, గాలీ తగులుతుంది. ఒక పూట పని. గొట్టాలు కూడా సరిపోతాయట, కొలిచి చూసుకున్నాడు. చిన్న షావుకారు ఒప్పుకోలేదు.

ఆ మాట జరిగినప్పుడు నేనక్కడే ఉన్నాను. ఏదో పని మీద వాళ్ళ షెడ్డు ముందు నించి వెళ్తూంటే మేస్త్రీ నన్ను లోపలికి ఈడ్చాడు, సాక్ష్యానికి అన్నట్టు. “ఈ బాబునడగండి, ఈ బాబుదే రోడ్డు,” అన్నాడు.

చిన్న షావుకారు మంచివాడే. ముప్ఫై ఏళ్ళు, నవ్వు మొహం. “ఒరే మేస్త్రీ, తయారుచేసినవాళ్ళకి తెలీదా ఏది ఎక్కడ పెట్టాలో? వాళ్ళు పెట్టిన చోటు నించి నువ్వు కదుపుతావా?”

“ఆల్లకి తెల్సు బాబూ. ఆల్ల రోడ్డు ఆల్లకి తెల్సు. మన రోడ్డు ఆల్లకేటి తెల్సు?”

“అయితే నేనే జాగ్రత్తగా నడుపుతాలే.”

“మీరు జాగర్తగానే నడుపుతారు. రాయికి జాగర్త ఎవలు సెప్తారు?”

చిన్న షావుకారు నవ్వేసి ఊరుకున్నాడు. వారం తిరక్కుండా మేస్త్రీ ఇనప తీగెతో వల అల్లి డబ్బా ముందు కట్టాడు. ఆ ఆదివారం స్నేహితులు దాన్ని చూసి, కారు కోడిపిల్లల గంప కట్టుకుని వస్తోందని ఎగతాళి చేశారు. మర్నాడే చిన్న షావుకారు విప్పించేశాడు. ఆ వల చేత్తో పట్టుకుని మేస్త్రీ నా దగ్గరికి వచ్చాడు. “నవ్వుకి అడ్డం వల ఎవడల్లుతాడు బాబూ,” అన్నాడు. అతను అలసిపోయినట్టు కనిపించింది అదొక్కసారే.

ఇక నా సంగతి చెప్పాలి. రెండో కల్వర్టు దగ్గర కంట్రాక్టరు బళ్ళవాళ్ళు మెటల్ గుట్టలు దించారు. రోడ్డు అంచున పోయాల్సింది, తొందరలో సగం రోడ్డు మీదికే జారేలా పోసేశారు. మేస్త్రీ చూసి వచ్చి చెప్పాడు. ఎల్లుండికల్లా తీయించేస్తానని మాటిచ్చాను. ఎల్లుండి ఇంకో పని వచ్చింది. తరవాత వారం మళ్ళీ అడిగాడు, మళ్ళీ ఎల్లుండి అన్నాను. మూడోసారి అడగలేదు. ఆ చోటికి రాగానే కారు దిగి, దారిలో పడ్డ రాళ్ళు కాళ్ళతో పక్కకి నెట్టుకుని వెళ్ళడం మొదలెట్టాడు. దూరం నించి చూశాను కూడా. సిగ్గేసింది. అయినా తీయించలేదు. ఎందుకు తీయించలేదంటే, బద్ధకం అనే మాట చిన్నదిగా ఉంటుంది గానీ అదే.

ఆ రోజు శుక్రవారం. మిట్టమధ్యాహ్నం కావస్తోంది. రామతీర్థం దగ్గర రోడ్డు మీద ఇరవైమంది కూలీలతో పని చేయిస్తున్నాను. రాళ్ళ బండి దించుతూంటే, ఎదర నించి వచ్చిన బస్సు హారన్‌కి ఎడ్లు బెదిరాయి. బండి ఒక్క పెట్టున వెనక్కి పోయింది. వెనకాల తట్ట పట్టుకుని నిలబడ్డ పైడమ్మ పడిపోయింది, తొడ మీద నించి చక్రం ఎక్కింది. ఎముక బయటికి వచ్చింది. రక్తం ఆగలేదు. ఆమె మొగుడు అప్పన్న తన తలపాగా చించి బిగించి కట్టాడు. అది తడిసి కిందకి కారుతోంది. పెద్దాసుపత్రి విజయనగరంలో, తొమ్మిది మైళ్ళు. ఆ వెళ్ళిన బస్సు తిరిగి రావడానికి రెండు గంటలు.

అప్పుడు వచ్చింది ఆ కారు. రోడ్డుకి అడ్డంగా నిలబడి చేతులూపాను.

మేస్త్రీ దిగి పైడమ్మని ఒక్క చూపు చూశాడు. “ఎక్కించండి,” అన్నాడు. అంతే. కారు తనది కాదనీ, అడగాలనీ, సీటు పాడవుతుందనీ ఒక్క మాట లేదు. టాపు వెనక్కి మడిచాడు. అప్పన్నా అతనూ కలిసి ఆమెని పక్క సీట్లో వాల్చారు. అప్పన్న కూడా వస్తానన్నాడు. చోటు లేదు.

“ఒరే అప్పన్నా, నువ్వు ఎనకాల సైకిలెక్కి రా. ఆస్పత్రిలో రాతకోతలకి ఈ బాబుండాల,” అని, సీట్ల వెనక సామాను పెట్టుకునే ఇరుకులో నన్ను కూర్చోమన్నాడు. మోకాళ్ళు గడ్డానికి ఆనించి కూర్చుని, వెనక నించి పైడమ్మ భుజాలు పట్టుకున్నాను. ఆమెకి తెలివి ఉంది. “బాబూ, నాను సచ్చిపోతన్నానేటి?” అని అడిగింది. కాదన్నాను.

అతను అంత వేగంగా నడపడం నేనెప్పుడూ చూడలేదు. ఒక కన్ను రోడ్డు మీద, ఒక కన్ను ఎదురుగా ఉన్న ఒక చిన్న గడియారం లాటి దాని మీద. అందులో సూది నూనె ఒత్తిడి ఎంతుందో చెబుతుంది. రాళ్ళు తప్పిస్తూ, గాళ్ళు తప్పిస్తూ, పాము పోయినట్టు పోనిస్తున్నాడు. రెండో కల్వర్టు వచ్చింది. ఎదురుగా గోగునార కట్టలతో లారీ. మామూలుగా అయితే ఇక్కడ దిగి రాళ్ళు నెట్టుకునేవాడు. ఇవాళ దిగే వేళ కాదు. లారీకి దారిచ్చి, అంచుకి, నా గుట్టల మీదికి దిగాడు.

ఠంగున మోగింది. నా కాళ్ళ కింద కాదు, ఎక్కడో ముందు. పెద్ద చప్పుడేం కాదు, గుడిలో చిన్న గంట కొట్టినట్టు. రోడ్డు మీదికి మళ్ళీ ఎక్కాం. బాగానే పోతోంది కదా అనుకున్నాను. అతను మాత్రం ఆ సూదినే చూస్తున్నాడు. అది మెల్లగా కిందికి వాలుతోంది. ఒక్కసారిగా తాళం తిప్పి ఇంజన్ ఆపేశాడు. కారు చప్పుడు లేకుండా కొంతదూరం దొర్లి ఆగింది.

“ఏమిటిది? ఎందుకాపావు?” అని అరిచాను.

“డబ్బా పగిలిపోనాది.”

“పోతే పోనీ! ఇంజన్ నడుస్తోందిగా! పోనియ్యి!”

అతను అప్పటికే దిగి, పనిముట్ల సంచీ విప్పుతున్నాడు. నాకు ఒళ్ళు తెలియలేదు. నోటికి వచ్చినట్టు తిట్టాను. “మనిషి ప్రాణం పోతూంటే షావుకారి బండి చూసుకుంటున్నావా? నువ్వు మనిషివేనా? ఇనప ముక్క పాటి చెయ్యదా ఈమె?” ఇంకా చాలా అన్నాను. రాయలేని మాటలు. ఇరవయ్యారేళ్ళ నోరు, యాభయ్యేళ్ళ మనిషిని.

అతను ఒక్కసారి తలెత్తి నా మొహం వైపు చూశాడు. కోపం లేదు. రోడ్డుని చూసినట్టే చూశాడు, ఎత్తుపల్లాలు వెతుకుతున్నట్టు.

“ఇంకో మైలు నడిస్తే ఇంజన్ బిగుసుకుపోతాది. అప్పుడు ఈ పిల్ల ఇక్కడే పోతాది. తిట్టడం అయిపోతే దిగండి. అద్దిగో ఊరు. ఎల్లి ఆవదం తెండి.”

“ఏంటి?”

“ఆవదం బాబూ, ఆవదం! ఎడ్లబండి ఇరుసుకి ఏటి పోస్తారు? ఇదీ బండే. నువ్వుల నూనె వొద్దు, కొబ్బరి వొద్దు. ఏ ఇంట్లో ఎంతుంటే అంత. నాలుగు సేర్లకి తగ్గకండా.”

అని కారు కిందికి దూరిపోయాడు.

పరిగెత్తాను. రోడ్డుకి దిగువన ముప్ఫై గడపల ఊరు. మొదటింటి అరుగు మీద ముసలమ్మ ఒకావిడ చేటలో ఉలవలు చెరుగుతోంది. రొప్పుతూ ఆముదం కావాలన్నాను.

“ఎవలికి బాబూ, పురుడేటి?”

“పురుడు కాదు, కారుకి.”

“కారుకి కడుపు కట్టీసినాదేటి?” అని, నా చొక్కా నిండా రక్తం చూసి చేట వదిలేసింది. రెండు మాటల్లో చెప్పాను. ఆవిడ లోపలికి వెళ్ళి ఆముదం కుండ కుండే ఎత్తుకొచ్చి నా చేతుల్లో పెట్టి, వీధిలోకి వచ్చి గొంతెత్తింది. “ఒలే గౌరీ! ఒలే సింహాలూ! ఇళ్ళల్లో ఉన్న ఆవదం అంతా తెండే! రోడ్డు మీద ఆడకూతురు సచ్చిపోతన్నాదంట!”

నేను ఇంటింటికీ వెళ్ళే పని లేకపోయింది. ఇళ్ళే వీధిలోకి వచ్చాయి. సీసాల్లో, ముంతల్లో, తలకి రాసుకునే చిన్న గిన్నెల్లో, ఒకామె దీపం బుడ్డి వత్తి తీసేసి బుడ్డీతోనే. ఆ ఆడవాళ్ళంతా ముంతలు పట్టుకుని నా వెనక పొలంగట్టు మీద పరుగు.

మేము వెళ్ళేసరికి అతను కారు కింద నించి బయటికి వచ్చాడు. ముంజేయి మణికట్టు నించి మోచేయి దాకా కాగిన నూనెకి తోలు లేచిపోయింది. దాని వైపు చూసుకోలేదు. డబ్బాకి పోయే రెండు గొట్టాల కొసలూ విప్పి, రెంటికీ మధ్య ఒక ఇత్తడి ముక్క పెట్టి కలిపి బిగించేశాడు. రెండు వైపులా మర ఉన్న ముక్క. ఇలాటి రోజు ఒకటి వస్తుందని ఎప్పుడో లేతు మిషన్ మీద చేయించి సంచీలో వేసుకుని తిరుగుతున్నాడని తరవాత తెలిసింది. “నూనె ఇంక డబ్బాలోకి పోదు, తిరిగి లోపలికే పోతాది. సల్లారదు. సల్లారకపోయినా ఏడు మైళ్ళకి ఏటీ అవదు. నూనె లేకపోతేనే సావు,” అంటూ ఇంజన్ మూత తెరిచాడు.

భుజం మీది తువ్వాలు వడకట్టుగా పట్టి, ఒక్కొక్క ముంతా వంచాడు. ఆముదం చిక్కన. తొందరపెడితే దిగదు. ఆ నిమిషాలు నేనెప్పటికీ మరిచిపోలేను. ముసలమ్మ పైడమ్మ తల ఒళ్ళో పెట్టుకుని మొహం మీద నీళ్ళు చల్లుతోంది. ముంతల ఆడవాళ్ళు చుట్టూ నిలబడి నూనె ధార వైపు చూస్తున్నారు. నేను అటు చూడలేక, ఇటు చూడలేక, వచ్చిన దారి వైపు చూశాను. అర మైలు అవతల నా గుట్టలు ఎండలో తెల్లగా కనపడుతున్నాయి.

తాళం తిప్పాడు. ఇంజన్ అంటుకుంది. సూది వణికింది, ఆగింది, లేచింది. “కూకోండి,” అన్నాడు.

చంపావతి వంతెన దాటాం, మిల్లు దాటాం. వెనక తెల్లటి పొగ, ఆముదం దీపం ఆర్పినట్టు వాసన. బజార్లో మనుషులు ముక్కులు మూసుకుని పక్కకి తప్పుకున్నారు. పెద్దాసుపత్రిలో పైడమ్మని లోపలికి తీసుకెళ్ళారు. ఆమె బతికింది. ఆ కాలు కొంచెం పొట్టిదైంది, కుంటుతుంది. అంతే.

ఆస్పత్రి మెట్ల మీద, కాలిన చేతికి కట్టు కట్టించుకుని వచ్చి మేస్త్రీ నన్నడిగాడు. అతను నన్నేదైనా అడగడం అదే మొదలు, రోడ్డు సంగతి కాకుండా. “బాబూ, రేపు మీరు కూడా రండి. సిన్న షావుకారికి రెండు ముక్కలు సెప్పండి. నాను సెప్తే సరిగ్గా సెప్పలేను, మాట మధ్యలో ఎటో పోతాను.”

వస్తానన్నాను.

వెళ్ళలేదు. వెళ్తే, రాయి ఎక్కడిదన్న ప్రశ్న వస్తుంది. షావుకార్లకి మా పెద్ద ఇంజనీరు బాగా తెలుసు. ఉద్యోగం ఇంకా ఖాయం కాలేదు. ఆ రాత్రి కాదు, మర్నాడు కాదు, ఆదివారం కాదు. గదిలో అటూ ఇటూ తిరుగుతూనే ఉన్నాను. చెప్పులు వేసుకుని, వీధి చివరిదాకా వెళ్ళి, వెనక్కి వచ్చాను. నాలుగో రోజు వెళ్ళాను.

షెడ్డులో మేస్త్రీ లేడు. చిన్న షావుకారు ఒక్కడే కారు పక్కన స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు.

“మీ గురించే అనుకుంటున్నాను. ఆ కూలీ ఆవిడ బాగుందిటగా? నేను వాణ్ణి పొమ్మనలేదండీ. ఒట్టు. సీటు చూసి, ఆ వాసన చూసి, కోపం వచ్చింది. నాకు చెప్పకుండా ఎందుకు తీసుకెళ్ళావురా అన్నాను. రాయి నన్నడిగి తగిలిందేటి బాబూ అన్నాడు. అంతే, ఇంకో మాట లేదు. రెండు రోజులు షెడ్డు తలుపేసుకుని పని చేశాడు. ఇంజన్ విప్పి ఆముదం అంతా కడిగాడు. ఇవాళ పొద్దున్న తాళం మా అమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయాడు. ఇంటికి మనిషిని పంపాను. రాలేదు. మళ్ళీ పంపాను. ఊళ్ళో లేడన్నారు.”

కారు ముందుకి నడిచి, “ఇలా వంగి చూడండి,” అన్నాడు.

వంగాను. బంపరు కింద ఏమీ లేదు. ఖాళీ. పైన జాలీ సందుల్లోంచి చూస్తే, రేడియేటర్ పక్కన, చీకట్లో, అతుకు పెట్టిన డబ్బా భద్రంగా కూర్చుని ఉంది.

“వద్దన్న పని చేసేసి వెళ్ళాడు,” అన్నాడు చిన్న షావుకారు. గొంతులో కోపం లేదు. “ఇప్పుడిది దింపమంటే దింపేవాడెవడున్నాడు?”

రాళ్ళు ఎవరివని ఆయన అడగలేదు. నేను చెప్పలేదు. అక్కణ్ణించి తిన్నగా సైకిలు మీద రెండో కల్వర్టుకి వెళ్ళి, సాయంత్రం దాకా నిలబడి గుట్టలు అంచుకి తీయించాను. అప్పన్న ఆ పనిలో ఉన్నాడు. నా వైపు ఒకటి రెండుసార్లు చూసి, మళ్ళీ తట్ట ఎత్తుకున్నాడు.

ఏడాది పైన అయ్యింది. శ్రీకాకుళం బదిలీ అయ్యాను. నాగావళి వంతెన దాటాక లారీ షెడ్లున్న చోట ఒకరోజు నడిచి వెళ్తూంటే, ఒక లారీ కింద నించి “దీని కడుపులో రాయి పడ్డాది!” అన్న గొంతు వినిపించింది. నిలబడిపోయాను. పాదాలు చూసే గుర్తుపట్టాను, అవి నిలకడగా లేవు. పిలిచాను.

బయటికి వచ్చాడు. ముంజేయి మీద తోలు గులాబి రంగుగా ముడతలు పడి ఉంది. నన్ను చూసి సంతోషించాడు, నిజంగానే. టీ తెప్పించాడు. పైడమ్మ గురించి అడిగాడు. మళ్ళీ పనికి వస్తోందని చెప్పాను. చిన్న షావుకారి బండి ఎలా ఉందని అడిగాడు. చెప్పాను. తల ఊపి, గ్లాసు పట్టుకుని అటు నాలుగడుగులు, ఇటు నాలుగడుగులు వేశాడు.

ఏడాదిగా లోపల తిరుగుతున్న మాట అప్పుడు బయటికి వచ్చింది. “మేస్త్రీ, ఆ గుట్టలు నేను తీయించలేదు. నీకు రెండుసార్లు మాటిచ్చి తీయించలేదు. నీ పని పోయింది నా వల్ల. రెండు ముక్కలు చెప్పడానికి కూడా రాలేదు.”

“తెల్సు బాబూ.”

“గుట్టల సంగతి అందరికీ తెలుసు. అది కాదు. నేను రానని నీకెప్పుడు తెలుసు?”

నడక ఆపాడు. ఆ మనిషి నా ముందు కదలకుండా నిలబడ్డది అప్పుడే.

“ఆరోజు రోడ్డు మీద మీరు నన్ను తిట్టేరు గదా, అప్పుడు. అంత గట్టిగా ఊరికే ఎవలూ తిట్టరు. తప్పు తనదై ఉండాల. అలాటోడు సెప్పడానికి రాడని తెల్సీ అడిగేను.”

నేను తల వంచుకున్నాను. అతను గ్లాసు కింద పెట్టి, లారీ వైపు నడుస్తూ, వెనక్కి తిరిగి నవ్వాడు.

“ఇప్పుడు తిట్టండి సూద్దాం.”